జనరల్ పిట్ రివర్స్: జీవితం, తవ్వకాలు, మ్యూజియం (చర్చ)

పాతమన్ను

పురావస్తు తవ్వకాల చరిత్రలో లెఫ్టినెంట్ జనరల్ అగస్టస్ పిట్ రివర్స్ పేరు తరచుగా వినిపిస్తుంది కాని, ఆయన జీవితాన్ని మొత్తంగా తీసుకొని తెలుగులో చర్చించుకున్న సందర్భాలు తక్కువ. అందుకే ఈ చర్చను మొదలుపెడుతున్నాను. ముందుగా నా అభిప్రాయం చెబుతాను. ఆయన సిద్ధాంతాలలో చాలా భాగం ఈ రోజు నిలబడదు, ఆయన నమోదు చేసిన వివరాలు మాత్రం నిలబడ్డాయి. ఒక వస్తువు ఎక్కడ, ఎంత లోతున, వేటి మధ్య దొరికిందో రాసి ఉంచకపోతే ఆ వస్తువు విలువలో పెద్ద భాగం పోయినట్టేనని ఆచరణలో ఇంత పట్టుదలగా చూపినవారు ఆయనకు ముందు అరుదు.

ఆయన 1827 ఏప్రిల్ 14న ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో పుట్టాడు. తండ్రి విలియం లేన్ ఫాక్స్ భూస్వామి. తల్లి లేడీ కారొలిన్ డగ్లస్ స్కాట్లండ్‌లోని మోర్టన్ ఎర్ల్‌ల ఇంటి ఆడపడుచు. అప్పటి ప్రభువంశాల ఆనవాయితీ ప్రకారం ఎస్టేటు పెద్దకొడుక్కి పోతుంది కాబట్టి, రెండో కొడుకైన ఆయన సైన్యంలో చేరాడు. 1841లో కొద్ది నెలలు శాండ్‌హర్స్ట్‌లో చదివి, 1845లో గ్రెనడియర్ గార్డ్స్ పటాలంలో అధికారి అయ్యాడు. 1853లో ఆల్డర్లీకి చెందిన స్టాన్లీ ప్రభువు కుమార్తె ఆలిస్‌ను పెళ్లి చేసుకున్నాడు. ఆమె చెల్లెలు కేట్ కొడుకే తత్త్వవేత్త బెర్ట్రండ్ రస్సెల్, అంటే మన వరసల్లో జనరల్ గారు రస్సెల్‌కు పెదనాన్న అవుతాడు.

1880 వరకు ఆయన పేరు లేన్ ఫాక్స్ మాత్రమే. పిట్ రివర్స్ అన్న పేరు ఆస్తితో పాటు వచ్చింది. ఆ సంగతి తెలిసినవారు వివరంగా రాస్తే బాగుంటుంది.

సర్వే గొలుసు

పాతమన్ను గారు సైనిక జీవితాన్ని ఒక్క వాక్యంలో దాటేశారు, నా దృష్టిలో అసలు విషయం మొదలయ్యేది అక్కడే కాబట్టి దాని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను.

1850ల ఆరంభంలో బ్రిటిష్ సైన్యం నున్నటి గొట్టం ఉన్న పాత మస్కెట్‌ను వదిలి, గొట్టం లోపల మెలితిరిగిన గాడులు ఉన్న మినియే రైఫిల్‌కు మారుతోంది. యువ అధికారి లేన్ ఫాక్స్‌ను యూరప్‌లోని ఇతర సైన్యాల పద్ధతులను పరిశీలించడానికి పంపారు. తర్వాత కొత్త రైఫిళ్లను పరీక్షించే పనిలోనూ, హైథ్‌లో 1853లో ప్రారంభమైన తుపాకీ శిక్షణ పాఠశాలను నిలబెట్టే పనిలోనూ ఆయనకు ముఖ్యమైన పాత్ర దక్కింది. సైనికులకు గురి నేర్పే శిక్షణ గ్రంథం రాసే బాధ్యత కూడా ఆయన మీదే పడింది. క్రిమియా యుద్ధంలో 1854 సెప్టెంబరు 20న ఆల్మా నది దగ్గర జరిగిన పోరులో పాల్గొన్నాడు. కాని ఆరోగ్యం దెబ్బతినడంతో ఆయనను యుద్ధరంగం నుంచి వెనక్కి పంపారు. ఆ తర్వాత మాల్టాలో శిక్షకుడిగా, 1860లలో ఐర్లండ్‌లోని కార్క్‌లో అధికారిగా పనిచేశాడు. నేరుగా పోరాడిన రోజులు కొన్నే, కొలతలతో, పట్టికలతో, పరీక్షలతో గడిపిన సంవత్సరాలే ఎక్కువ.

రైఫిల్‌ను పరీక్షించేవాడు ఏం చేస్తాడో ఆలోచించండి. దూరం, గాలి, మందు బరువు, గుండు ఆకారం, వీటిలో ఒక్కొక్కదాన్నే మారుస్తూ ప్రతి గుండూ ఎక్కడ తగిలిందో రాసుకుంటాడు. తగలని గుండును కూడా రాసుకుంటాడు, ఎందుకంటే దాన్ని వదిలేస్తే లెక్క తప్పుతుంది. ఇరవై ఏళ్ల తర్వాత ఆయన కందకాలలో పగిలిన పెంకును, విరిగిన ఎముకను కూడా వదలకుండా నమోదు చేయించిన అలవాటుకు మూలం ఇదేనని నేను నమ్ముతున్నాను.

ఇదే పనిలో ఆయనకు ఇంకొక ఆలోచన పుట్టింది. తుపాకీ మెరుగుపడిన తీరును వెనక్కి తిరిగి చూస్తే, ఎవరూ ఒక్కసారిగా కొత్త తుపాకీని కనిపెట్టలేదు. చిన్న చిన్న మార్పులు ఒకదాని మీద ఒకటి చేరాయి, వాటిలో పనికొచ్చినవి నిలిచాయి. మనిషి చేసిన ప్రతి వస్తువూ ఇలాగే మారుతూ వచ్చి ఉంటుందా అన్న ప్రశ్నతో ఆయన ఆయుధాలను, తర్వాత బుట్టలను, తాళాలను, పడవలను, వాద్యాలను సేకరించడం మొదలుపెట్టాడు. డార్విన్ గ్రంథం 1859లో వచ్చింది. అప్పటికే ఈ సేకరణ నడుస్తోంది.

గుండ్లకమ్మ తీరం

సర్వే గొలుసు గారు రాసినదాన్ని నేను కాదనను. అయితే ఆ ఆలోచనను ఆయన ఎక్కడి దాకా తీసుకువెళ్లాడో కూడా చెప్పకపోతే చిత్రం అసంపూర్ణంగా ఉంటుంది.

1867 నుంచి 1869 వరకు ఆదిమ యుద్ధరీతుల మీద, 1875లో సంస్కృతి పరిణామం మీద ఆయన చేసిన ఉపన్యాసాలలో వస్తువులన్నిటినీ సరళమైనదాని నుంచి సంక్లిష్టమైనదాని వైపు ఒక వరసలో పేర్చాడు. ఆస్ట్రేలియా ఆదివాసుల దుడ్డుకర్రలు, బూమరాంగ్‌లు, డాళ్లు ఒక మూల నుంచి కిరణాల్లాగా విస్తరిస్తున్నట్టు గీసిన పటం అందులో ప్రసిద్ధమైనది. న్యూ ఐర్లండ్ ద్వీపవాసుల తెడ్ల మీద చెక్కిన మనిషి ముఖం క్రమంగా ఒక నెలవంక గుర్తుగా మారిపోయిందని చూపిన వరస ఇంకొకటి. ఈ వరసలు చూడటానికి ముచ్చటగా ఉంటాయి. కాని వాటికి కాలం ఆధారం లేదు. ఆ తెడ్లు ఇంచుమించు ఒకే కాలంలో చేసినవి కావచ్చు. రూపంలో దగ్గరగా ఉన్నవాటిని పక్కపక్కన పెట్టి, ఇది ముందు, అది తర్వాత అని తానే నిర్ణయించాడు. అంతకంటే పెద్ద చిక్కు ఏమిటంటే, అదే కాలంలో జీవిస్తున్న మనుషులను యూరప్ పూర్వీకులకు ప్రతినిధులుగా, మెట్ల వరసలో కింది మెట్టు మీద ఉన్నవారిగా నిలబెట్టాడు. సామ్రాజ్యం చేతిలో ఉన్నవారికి ఆ మెట్లు ఎంత సౌకర్యంగా ఉంటాయో వలస పాలన కింద బతికిన మనకు వేరే చెప్పనక్కరలేదు.

ఇందులో స్వదేశీ రాజకీయం కూడా ఉంది. మ్యూజియం చూసిన కార్మికులు, లోకంలో ఏ మార్పైనా నెమ్మదిగానే జరుగుతుందని, ఒక్క దూకుతో సమాజాన్ని తలకిందులు చేయడం సాధ్యం కాదని గ్రహించాలని ఆయన బాహాటంగానే చెప్పాడు. తన సేకరణను 1874లో లండన్‌లోని పేదల పేట బెత్నల్ గ్రీన్‌లో ప్రదర్శనకు పెట్టడాన్ని ఈ వెలుగులో కూడా చూడాలి.

పాతమన్ను

గుండ్లకమ్మ తీరం గారి విమర్శతో నాకు పేచీ లేదు, సిద్ధాంతాలు నిలబడవని నేను మొదటే రాశాను. ఒక్క విషయం మాత్రం చేర్చాలి. ఆ రోజుల్లో సంపన్నులు సేకరించినవి అందమైన శిల్పాలు, బంగారు నగలు, అపురూపమైన నాణేలు. ఆయన మామూలు మనిషి చేతి పనిముట్టును గాజు బీరువాలో పెట్టాడు. అరుదైన వస్తువుల కంటే సాధారణమైనవే ముఖ్యమని, ఎందుకంటే అవే ఎక్కువగా వాడుకలో ఉన్నాయని ఆయన స్పష్టంగా రాశాడు. వరస తప్పు కావచ్చు, ఆ వరసలో పెట్టడానికి ఎంచుకున్న వస్తువుల విషయంలో ఆయన చూపు సరైనది.

మేడమీద గది

ఆస్తి సంగతి ఎవరో అడిగారు కాబట్టి రాస్తున్నాను. ఆయన నాయనమ్మ మొదటి రివర్స్ ప్రభువు కుమార్తె. ఆ బంధుత్వం ద్వారా రష్‌మోర్ ఎస్టేటు తనకు రావాలంటే మధ్యలో చాలామంది వారసులు ఉన్నారు. వారు ఒకరి తర్వాత ఒకరు సంతానం లేకుండానో, చిన్న వయసులోనో చనిపోయారు. 1880లో ఆరో రివర్స్ ప్రభువు మరణించడంతో, ఎవరూ ఊహించని విధంగా, విల్ట్‌షైర్, డార్సెట్ సరిహద్దుల్లో 25,000 ఎకరాలకు మించిన భూమి, ఏటా దాదాపు 20,000 పౌండ్ల ఆదాయం యాభై మూడేళ్ల సైనికాధికారి చేతికి వచ్చాయి. వీలునామాలోని షరతు ప్రకారం ఆయన పిట్ రివర్స్ అన్న ఇంటిపేరు తీసుకున్నాడు. 1882లో లెఫ్టినెంట్ జనరల్ హోదాతో సైన్యం నుంచి విరమించాడు.

రష్‌మోర్ ఉన్న ప్రాంతం పేరు క్రాన్‌బోర్న్ చేజ్. శతాబ్దాల పాటు వేట కోసం కేటాయించిన నేల కావడంతో అక్కడి మట్టి దిబ్బలు, పాత ఊళ్ల ఆనవాళ్లు నాగలి దెబ్బకు చాలావరకు దూరంగా ఉండిపోయాయి. తవ్వాలన్న కోరిక ఉన్న మనిషికి సొంత నేల, సొంత డబ్బు, ఎవరి అనుమతీ అడగనక్కరలేని స్వేచ్ఛ ఒకేసారి దొరికాయి. శాస్త్రం ఎదగడానికి ప్రతిభ ఒక్కటే చాలదని, ఆ ప్రతిభ ఎవరి ఇంట్లో పుట్టిందన్నది కూడా లెక్కలోకి వస్తుందని ఈ ఒక్క జీవితం చూసినా అర్థమవుతుంది. ఇదే ఓపిక ఉన్న పల్లెటూరి బడిపంతులు ఎవరైనా ఉండి ఉంటే, ఆయన పేరు మనకు తెలిసేది కాదు.

పాతమన్ను

మేడమీద గది గారికి కృతజ్ఞతలు. ఇక తవ్వకాల దగ్గరికి వస్తాను.

ఎస్టేటు రాకముందే ఆయనకు అనుభవం ఉంది. 1867లో యార్క్‌షైర్ కొండల్లో సమాధి దిబ్బలు తవ్వుతున్న కానన్ విలియం గ్రీన్‌వెల్ దగ్గర పని నేర్చుకున్నాడు. ససెక్స్‌లోని సిస్‌బరీ కొండకోట దగ్గర చెకుముకి రాయి కోసం తవ్విన గనులు ఆ కోట కట్ట కంటే పాతవని నిరూపించాడు. దుప్పి కొమ్ములతో సుద్ద నేలను తవ్వించి చూసి, ఆదిమ మానవుడు ఆ పనిముట్టుతో ఎంత పని చేయగలడో పరీక్షించాడు. 1878లో ఫోక్‌స్టన్ దగ్గర సీజర్ శిబిరమని జనం పిలిచే కట్టను తవ్వి, అది రోమన్ల కాలానిది కాదని, 1066లో ఇంగ్లండ్‌ను జయించిన నార్మన్ల కాలానిదని తేల్చాడు. ఊరి పేరు ఏం చెబుతున్నా కట్ట కింద దొరికిన పెంకు ఏం చెబుతోందో అదే ప్రమాణం అన్నమాట.

రష్‌మోర్‌లో స్థిరపడిన తర్వాత వుడ్‌కట్స్, రాదర్లీ అనే రెండు చోట్ల రోమన్ పాలన నాటి బ్రిటిష్ పల్లెలను పూర్తిగా తవ్వించాడు. ఆ కాలం పురాతత్త్వ ప్రియులు భవంతుల కోసం, నేల మీద పరిచిన రంగురాళ్ల బొమ్మల కోసం వెతుకుతుంటే ఈయన పేద రైతుల గుంతలను, ధాన్యపు పాతర్లను, చెత్త పోసిన కందకాలను ఎంచుకున్నాడు. దొరికిన పశువుల ఎముకలను అంచనా వేయడానికి, కొలతలు తెలిసిన పశువులను కోయించి వాటి ఎముకలతో పోల్చాడు. ప్రతి స్థలానికీ పటాలు, మట్టిపొరల కోతల చిత్రాలు, ఏ వస్తువు ఎంత లోతున దొరికిందో చెప్పే పట్టికలు తయారుచేయించాడు. చెక్కతో నమూనాలు చేయించాడు. తవ్విన గుంతలను పూడ్చేముందు అడుగున తన పేరు ముద్రించిన చిన్న లోహపు బిళ్ళలు వేయించాడు. తర్వాతి తరంవారు అక్కడ తవ్వితే ఇది ముందే కదిలించిన నేల అని వారికి తెలియాలన్నది ఉద్దేశం.

వోర్ బారో అనే పొడవాటి సమాధి దిబ్బను 1893, 1894 సంవత్సరాలలో తవ్వించిన తర్వాత దాని కందకాన్ని అలాగే తెరిచి ఉంచి, కొన్నేళ్ల తర్వాత అడుగున ఎంత మట్టి, ఏ తీరున చేరిందో మళ్లీ కొలిపించాడు. వర్షానికీ మంచుకూ గట్లు కరిగి కందకం ఎంత వేగంగా పూడుతుందో తెలిస్తే పాత కందకాలలోని పొరలను చదవడం సులువవుతుంది. ఇంత సహనంతో కూడిన ప్రయోగం ఆ శతాబ్దంలో జరిగిందంటే నాకు ఇప్పటికీ గౌరవం కలుగుతుంది.

ఈ ఫలితాలన్నీ 1887 నుంచి 1898 వరకు నాలుగు పెద్ద సంపుటాలుగా సొంత ఖర్చుతో అచ్చు వేయించాడు. ఆయన దగ్గర జీతానికి పనిచేసిన గుమాస్తాలు, చిత్రకారులు ఈ పనిలో శిక్షణ పొందారు. వారిలో హెరాల్డ్ సెయింట్ జార్జ్ గ్రే ఆ తర్వాత ఏవ్‌బరీ రాతి వలయం దగ్గర తవ్వకాలు నడిపాడు, హెర్బర్ట్ టామ్స్ బ్రైటన్ మ్యూజియంలో పనిచేశాడు.

కృష్ణ ఒడ్డు

1880 అన్న సంవత్సరం చూడగానే నాకు అమరావతి గుర్తుకు వచ్చింది, ఆ బాధ చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

అమరావతి స్తూపాన్ని మొదట చూసి రాసిన యూరోపియన్ కూడా సైనికాధికారే. కల్నల్ కాలిన్ మెకంజీ 1797లో అక్కడికి వెళ్లాడు, 1816లో మళ్లీ వెళ్లి శిల్పాల చిత్రాలు, దిబ్బ పటాలు గీయించాడు. ఆ రెండు సందర్శనల మధ్యకాలంలో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారి కొత్త పట్టణానికి, ఇతర కట్టడాలకు స్తూపం ఇటుకలు, రాళ్లు తరలిపోయాయి. 1845లో వాల్టర్ ఎలియట్, 1877లో రాబర్ట్ సూయెల్ తవ్వారు. ఇక 1880లో మద్రాసు గవర్నర్‌గా ఉన్న బకింగ్‌హామ్ డ్యూక్ మిగిలిన దిబ్బ మొత్తాన్ని శుభ్రం చేయమని ఆదేశించాడు. 1881 చివర్లో జేమ్స్ బర్జెస్ వచ్చి చూసేసరికి మహాచైత్యం ఉన్నచోట పెద్ద గుంత ఉంది, ఫలకాలు చుట్టూ పడి ఉన్నాయి. ఏ ఫలకం ఎక్కడ నిలబడి ఉండేదో, ఏ పొర ఏ కాలానిదో చెప్పే మట్టి పోయింది.

ఒకే సంవత్సరంలో ఒక ప్రభువంశీకుడికి ఇంగ్లండ్‌లో ఎస్టేటు దక్కి అక్కడి పేద పల్లెల పెంకులు సైతం లెక్కలోకి ఎక్కడానికి దారి పడింది. మరొక ప్రభువంశీకుడి ఆజ్ఞతో మన దేశపు గొప్ప స్తూపాలలో ఒకటి నమోదు లేకుండా ఖాళీ అయింది. ఈ రోజు చెన్నైలో, లండన్‌లో ఉన్న అమరావతి శిల్పాలను స్తూపం మీద వాటి స్థానాలలో ఊహించి పేర్చడానికి పండితులు మెకంజీ గీయించిన చిత్రాల మీద ఇంతగా ఆధారపడుతున్నారంటే, నమోదు విలువ ఏమిటో వేరే నిదర్శనం అక్కరలేదు. సర్వే పనుల్లో మెకంజీకి కళ్లూ చెవులూ అయినవారు కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు, వారి తోటి పండితులు అన్నది కూడా మరవకూడదు.

రాయదుర్గం రాళ్లు

కృష్ణ ఒడ్డు గారు చెప్పిన బాధ న్యాయమైనదే కాని, దక్కనులో అందరూ అలా తవ్వలేదని కూడా చెప్పుకోవాలి. నిజాం కొలువులో సైనికాధికారిగా, సురపురం సంస్థానం పాలన చూసిన అధికారిగా పనిచేసిన మెడోస్ టేలర్ 1850లలో జేవర్గి చుట్టుపక్కల బృహత్ శిలా సమాధులను తవ్వి, లోపలి పొరలు కనిపించేలా కోతల చిత్రాలు గీశాడు. మన ఊళ్లలో రాకాసి గుళ్లు, పాండవ గుళ్లు అని పిలిచే సమాధుల కోవకే చెందినవి అవి. పిట్ రివర్స్ సంపుటాలు రావడానికి మూడు దశాబ్దాల ముందే ఈ పని జరిగింది. పొరల చిత్రణకు పిట్ రివర్స్ ఆద్యుడని ఎక్కడైనా చదివితే, టేలర్ పేరు కూడా పక్కన చేర్చుకొని చదవాలి.

వీరిద్దరినీ మెచ్చుకున్నవాడు మార్టిమర్ వీలర్. ఆయన కూడా సైన్యంలో బ్రిగేడియర్ స్థాయికి ఎదిగినవాడే. పిట్ రివర్స్ తర్వాత ఇంగ్లండ్‌లో తవ్వకాల పద్ధతి మళ్లీ చప్పబడిపోయిందని వీలర్ భావించాడు. ఆ పద్ధతిని తిరిగి అందుకొని, చతురస్రాలుగా గళ్లు వేసి, గళ్ల మధ్య గట్లు వదిలి తవ్వే విధానాన్ని డార్సెట్‌లోని మెయిడెన్ కాజిల్ దగ్గర స్థిరపరిచాడు. 1944లో భారత పురావస్తు శాఖకు డైరెక్టర్ జనరల్‌గా వచ్చి తక్షశిలలో శిక్షణ శిబిరం నడిపాడు, 1945లో అరికమేడు, 1947లో మా రాయదుర్గానికి దగ్గరలో కర్ణాటక వైపున్న బ్రహ్మగిరి తవ్వాడు. బ్రహ్మగిరిలో రాతి గొడ్డళ్ల కాలం, బృహత్ శిలా సమాధుల కాలం, శాతవాహన యుగపు కాలం ఒకదాని మీద ఒకటి పొరలుగా దొరకడంతో దక్కను పూర్వచరిత్రకు ఒక కాలక్రమం ఏర్పడింది. ఎరుపు పూత మీద తెల్ల గీతలున్న కుండలకు వీలర్ ఆంధ్ర కుండలని పేరు పెట్టాడు. 1954 నుంచి 1960 వరకు నాగార్జునకొండ లోయ నీట మునగకముందు వందకు పైగా స్థలాలను పటం మీద పెట్టి తవ్వగలిగారంటే, ఆ క్రమశిక్షణ అప్పటికి శాఖలో పాతుకొని ఉండటమే కారణం. ఆ లోయ ఈ రోజు జలాశయం కింద ఉంది. మనకు మిగిలింది తరలించిన కట్టడాలు, వస్తువులు, ఆ పటాలు.

మేడమీద గది

ప్రభుత్వ ఉద్యోగం సంగతి కూడా రాయాలి. పురాతన కట్టడాల రక్షణకు బ్రిటన్‌లో 1882లో మొదటి చట్టం వచ్చింది. దాని కోసం ఏళ్ల తరబడి పార్లమెంటులో పట్టుబట్టినవాడు జాన్ లబ్బక్. తర్వాత 1884లో ఆయనే పిట్ రివర్స్ కుమార్తె ఆలిస్‌ను పెళ్లాడి అల్లుడయ్యాడు. ఆ చట్టం కింద మొదటి పర్యవేక్షకుడిగా పిట్ రివర్స్ నియమితుడయ్యాడు. చట్టంలో 68 కట్టడాల జాబితా ఉంది కాని, యజమాని ఇష్టపడి అప్పగిస్తే తప్ప ప్రభుత్వం ఏమీ చేయలేదు. అందుచేత ఆయన సహాయకులను వెంటబెట్టుకొని దేశమంతా తిరుగుతూ, కట్టడాలను కొలిపించి, చిత్రాలు గీయించి, తోటి భూస్వాములను బతిమాలవలసి వచ్చింది. స్టోన్‌హెంజ్ యజమాని ఆంట్రోబస్ ఒప్పుకోనే లేదు. కొన్నేళ్లకు పిట్ రివర్స్ జీతం వదులుకొని గౌరవ హోదాలో మాత్రమే కొనసాగాడు. సొంత ఆస్తి హక్కును ఎంతో గట్టిగా నమ్మిన వర్గానికి చెందిన మనిషి, ఆ హక్కు కట్టడాలకు ఎంత చేటో దగ్గరగా చూశాడు. మన దేశంలో కర్జన్ కాలంలో 1904లో వచ్చిన పురాతన కట్టడాల చట్టం వెనుక కూడా ఈ తరహా చర్చల ప్రభావం ఉంది.

తులసికోట

మీరందరూ అధికారిని, శాస్త్రజ్ఞుణ్ణి చూపించారు. ఇంటి మనిషిగా ఆయన అంత మెత్తనివాడు కాడు. పిల్లలతో కఠినంగా ఉండేవాడని, కోపిష్ఠి అని కుటుంబం వారి జ్ఞాపకాల్లో కనిపిస్తుంది. పిల్లల్లో సెయింట్ జార్జ్ విద్యుద్దీపాల ప్రయోగాలు చేశాడు, డగ్లస్ చిత్రకారుడయ్యాడు, ఆగ్నెస్ రచయిత్రిగా పేరు తెచ్చుకుంది.

ఆ కఠినత్వం పక్కనే సామాన్య జనం కోసం ఆయన చేసిన పని కూడా ఉంది. ఎస్టేటులో లార్మర్ ట్రీ అనే ఉద్యానవనం వేయించి, ప్రవేశం ఉచితం చేసి, ఆదివారాలు బ్యాండు వాయించి, విహారానికి వచ్చినవారికి పింగాణీ సామాను కూడా ఉచితంగా ఇప్పించాడు. 1899లో ఏడాదికి 44,000 మందికి పైగా వచ్చారు. 1895లో నవలాకారుడు థామస్ హార్డీ అక్కడ ఆగ్నెస్‌తో కలిసి నాట్యం చేశాడు. వినోదానికి వచ్చినవారు ఆక్స్‌ఫర్డ్‌కు ఇచ్చిన మొదటి సేకరణ కాక, దగ్గర్లోని ఫార్న్‌హమ్ గ్రామంలో ఆయన పెట్టిన రెండో మ్యూజియాన్ని కూడా చూస్తారని ఆశ. పల్లెటూరి రైతుకు, కూలికి మ్యూజియం అవసరమని నమ్మి, ఊరి మధ్యలో కట్టించిన భూస్వాములు ఎందరున్నారు? గుండ్లకమ్మ తీరం గారు చెప్పిన రాజకీయ ఉద్దేశం ఉండవచ్చు, వచ్చినవారు చూసి నేర్చుకున్నది మాత్రం ఆ ఉద్దేశానికే పరిమితం కాలేదని నేను అనుకుంటున్నాను.

1900 మే 4న మరణించాడు. దహన సంస్కారం అక్కడ అరుదుగా ఉన్న రోజుల్లోనే దాన్ని సమర్థించి, తన దేహాన్ని దహనం చేయించుకున్నాడు. అస్థికలు టొలార్డ్ రాయల్ చర్చిలో ఉన్నాయి.

గుండ్లకమ్మ తీరం

తులసికోట గారు ఫార్న్‌హమ్ మ్యూజియం ప్రస్తావన తెచ్చారు కాబట్టి దాని కథను చివరి దాకా చెప్పాలి. 1897లో బ్రిటిష్ సైన్యం పశ్చిమ ఆఫ్రికాలోని బెనిన్ నగరంపై దండెత్తి రాజభవనాన్ని కొల్లగొట్టిన తర్వాత అక్కడి కంచు, ఇత్తడి, దంతపు శిల్పాలు లండన్ వేలంపాటలకు చేరాయి. పిట్ రివర్స్ వాటిని వందల సంఖ్యలో కొని ఫార్న్‌హమ్‌లో పెట్టాడు. వాటి మీద 1900లో బొమ్మలతో ఒక గ్రంథం వెలువడింది. తవ్వకంలో ప్రతి పెంకుకూ చోటు రాసిన మనిషి, ఈ శిల్పాలు రాజభవనంలో ఏ గోడ మీద, ఏ పూజాపీఠం మీద ఉండేవో తెలియని స్థితిలో కొన్నాడు, ఎందుకంటే దోచినవారు అది రాయలేదు. ఆయన సూత్రం ప్రకారమే చూసినా అది పెద్ద నష్టం. ఇక న్యాయం సంగతి వేరే చెప్పాలా?

ఆక్స్‌ఫర్డ్‌కు 1884లో ఇచ్చిన 20,000కు పైగా వస్తువుల మొదటి సేకరణ విశ్వవిద్యాలయం ఆస్తి కావడం వల్ల భద్రంగా ఉంది. ఫార్న్‌హమ్ సేకరణ కుటుంబం చేతిలో ఉండిపోయింది. మనవడు జార్జ్ పిట్ రివర్స్ కూడా సైనికాధికారిగా పనిచేసినవాడే. జాతి శుద్ధి సిద్ధాంతాలను నమ్మి, ఫాసిస్టుల పక్షాన మాట్లాడి, 1940లో నిర్బంధంలోకి వెళ్లాడు. 1960లలో మ్యూజియం మూతపడి, బెనిన్ శిల్పాలతో సహా ఎన్నో వస్తువులు ప్రైవేటు కొనుగోలుదారుల చేతుల్లోకి చెదిరిపోయాయి. క్రాన్‌బోర్న్ చేజ్ తవ్వకాల వస్తువులు మాత్రం 1970లలో సాల్స్‌బరీ మ్యూజియానికి చేరాయి. తాత మెట్ల వరస సిద్ధాంతానికీ మనవడి నమ్మకాలకూ నేరుగా ముడి పెట్టడం లేదు, అయితే రెండూ ఒకే నేలలో మొలిచాయన్నది నా అభిప్రాయం.

సర్వే గొలుసు

ఆక్స్‌ఫర్డ్‌కు ఇచ్చేటప్పుడు ఆయన పెట్టిన షరతును ఎవరూ ప్రస్తావించలేదు. ఈ విషయాన్ని బోధించడానికి ఒక అధ్యాపకుణ్ణి నియమించాలని ఆయన కోరాడు. ఆ పదవి ఎడ్వర్డ్ టైలర్‌కు దక్కింది, అక్కడ మానవశాస్త్ర బోధన అలా మొదలైంది. దేశాలవారీగా కాకుండా రకాలవారీగా వస్తువులు పేర్చే పద్ధతి ఆ మ్యూజియంలో ఈ రోజుకీ ఉంది. అక్కడ ఉంచిన, దక్షిణ అమెరికా నుంచి వచ్చిన కుదించిన మనిషి తలలను 2020లో ప్రదర్శన నుంచి తొలగించారు.

పాతమన్ను

గుండ్లకమ్మ తీరం గారు బెనిన్ గురించి రాసినది సరైన విమర్శ, దానికి నా దగ్గర సమర్థన లేదు. ఆయన తవ్వకాలలోనూ లోపాలున్నాయని నేనే చెబుతాను. లోతును కొలిచాడు కాని, పొరలను కాలాలుగా విడదీయడంలో ఇప్పటి ప్రమాణాలకు చాలడు. వుడ్‌కట్స్ పల్లెలోని దశలను సరిగా విడదీయలేదు. అయినా 1947లో క్రిస్టఫర్ హాక్స్ కొత్తగా గడ్డపార పట్టకుండా, అచ్చయిన ఆ పటాలు, పట్టికల ఆధారంగానే వుడ్‌కట్స్ చరిత్రను మూడు దశలుగా విడగొట్టి చూపాడు. తవ్వినవాడికి తోచని సమాధానం ఆయన కాగితాల్లోనే ఆరు దశాబ్దాలు ఎదురుచూసింది.

సౌత్ లాడ్జ్ శిబిరం సంగతి ఇంకా స్పష్టమైనది. 1893లో ఆయన అక్కడి కంచుయుగపు ఆవరణను తవ్వించాడు. 1970ల చివరిలో జాన్ బారెట్, రిచర్డ్ బ్రాడ్లీ బృందం మళ్లీ తవ్వినప్పుడు, లోపలి నేలలో గుండ్రని ఇళ్ల గుంజలు పాతిన గుంతలు దొరికాయి. జనరల్ గారి మనుషులు వాటిని గుర్తించలేదు. కాని ఆయన ఏ భాగాన్ని తవ్వాడో, ఏ వస్తువు ఎక్కడ తీశాడో పటాల్లో ఉండటం వల్ల, ఆ పాత వస్తువులను కొత్తగా దొరికిన ఇళ్లతో పోల్చి చూడటం వారికి సాధ్యమైంది. కృష్ణ ఒడ్డు గారు చెప్పిన అమరావతి గుంత దగ్గర ఎవరికీ ఆ అవకాశం లేకుండా పోయింది.